సోమవారం చప్పట్లు

సోమవారం పొద్దున వరండాలో పెద్ద సిస్టరు గొంతు వినపడిందంటే షుగరు క్లినిక్కు మొదలైనట్టు. డాక్టరు తర్వాతెప్పుడో నింపాదిగా వస్తాడు. ఆయన ఒక పూట రాకపోయినా పని ఆగదు. పెద్ద సిస్టరు రాకపోతే మాత్రం ఎవరి ముందు ఎవరు కూర్చోవాలో తేలక కుర్చీల దగ్గరే తగువులైపోతాయి.

ఆవిడ పద్ధతి ఆవిడది. వేలి కొసన సూది గుచ్చి, రక్తపు బొట్టు మిషనుకి అందించి, అంకె రాగానే చీటీ మీద రాసి గదంతా వినపడేలా చదువుతుంది. అంకె తగ్గితే ఆ చీటీని పైకెత్తి పట్టుకుంటుంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టాలి. గట్టిగా కొట్టేదాకా చెయ్యి దించదు, తర్వాతి టోకెను పిలవదు. అంకె తగ్గలేదా, తలుపు పక్కన పొడుగాటి బల్ల ఒకటుంది, వెళ్ళి దాని మీద కూర్చోవాలి. అందరూ వెళ్ళిపోయాక బల్లమీదవాళ్ళకి విడిగా అక్షింతలు పడతాయి.

"నా కోసం అరుస్తున్నానా? మీ కాళ్ళ కోసం, మీ కళ్ళ కోసం" అంటుంది. అబద్ధం కాదు. పుండు ముదిరి పాదం తీసేసినవాళ్ళకి కట్టు కట్టిన రోజున ఆవిడ ఇంటికెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటుంది. మళ్ళీ అలాంటి కట్టు కట్టాల్సి రాకూడదనే ఆ అరుపులు.

ఆ సోమవారం గది మూలన ఒక సన్నపాటి అమ్మాయి కుర్చీ వేసుకుని కూర్చుంది. రోగుల అలవాట్లు మార్చడం ఎలాగో సిస్టర్లకి నేర్పడానికి ఆసుపత్రివాళ్ళు పిలిపించిన అమ్మాయి. మనస్తత్వశాస్త్రం చదివిందట. పాఠం తయారు చేసే ముందు ఒక పూట మీ పని చూస్తానంది. పెద్ద సిస్టరు సరేనని, వెనక్కి తిరిగి ఇంజెక్షన్ల సిస్టరుతో "పాఠాలమ్మాయి వచ్చింది, మనకి బుద్ధి చెప్పడానికి" అంది. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రంతా ఆ పేరే స్థిరపడింది.

"టైలరుగారూ, రండి" అని పిలిచింది పెద్ద సిస్టరు. ఆవిడకి అతనంటే గొప్ప. వరసగా ఇన్నిసార్లు చప్పట్లు కొట్టించుకున్నవాడు ఇంకొకడు లేడు. కొలతల టేపు మెడలోంచి తీయడం మరిచిపోయి వస్తాడు ఎప్పుడూ. ఇవాళ పాఠాలమ్మాయికి చూపించడానికి మంచి సరుకే దొరికిందనుకుంది.

టైలరు లేచాడు, రెండడుగులు వేశాడు, కుప్పకూలిపోయాడు.

ఆయా తల పట్టుకుంది. పెద్ద సిస్టరు సూది గుచ్చి చూసి, "షుగరు పడిపోయింది, పూర్తిగా పడిపోయింది" అని చక్కెర నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది. కాసేపటికి కళ్ళు తెరిచాడు.

"పొద్దున మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

"రాత్రేం తిన్నావు?"

టైలరు నీళ్ళు నమిలాడు.

"నిన్న పగలు?"

"శనివారం తిన్నాను సిస్టరమ్మా."

గదిలో ఒక్కరూ నవ్వలేదు. అందరూ నేలకేసి చూస్తున్నారు. పాపం అనుకుంటున్నారు కాబోలనుకుంది పెద్ద సిస్టరు. "కడుపు మాడ్చుకుని మాత్ర మింగుతావా? కళ్ళు నెత్తికెక్కాయా? ప్రాణం పోతే నేను సమాధానం చెప్పుకోవాలా?" అని మొదలుపెట్టి, తిడుతూనే "కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టు" అని ఆయాకి చెప్పింది. ఆయా అతని కుడి బూటు పట్టుకుని లాగబోయింది. టైలరు చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు.

"కాలు వద్దు."

"ఏముంది కాల్లో? విప్పు."

"ఏం లేదన్నాను కదా" అని గోడ పట్టుకుని లేచి, ఆగమంటున్నా వినకుండా వెళ్ళిపోయాడు. ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. బూటు కదిలినప్పుడు వచ్చిన వాసన పెద్ద సిస్టరు ముక్కు దాటిపోలేదు. మేజోడు కింద నాలుగు రోజులు మగ్గిన పుండు వాసన అది. అలాగే వదిలేస్తే ఎముక దాకా పోతుంది. కుట్టు మిషను తొక్కి బతికే మనిషి. తిట్టి పంపించింది కాబట్టి వచ్చే సోమవారం వస్తాడన్న నమ్మకమూ లేదు. మధ్యాహ్నం తెచ్చుకున్న భోజనం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగి వెళ్ళింది.

మర్నాడు క్యాంటీను పైన హాల్లో శిక్షణ. సిస్టర్లందరూ తెర వైపు కుర్చీలు తిప్పుకుని, చల్లగా ఒక కునుకు తీయడానికి సిద్ధమై కూర్చున్నారు. పాఠాలమ్మాయి తెర జోలికే పోలేదు. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ప్రతి జంటకీ ఒక స్టీలు గ్లాసూ గుప్పెడు చిక్కుడు గింజలూ ఇచ్చింది.

"ఒకరు చాలాకాలంగా చేద్దామనుకుని చేయలేకపోతున్న పని చెప్పండి. రెండోవాళ్ళు అడగొచ్చు, వినొచ్చు. సలహా మాత్రం ఇవ్వకూడదు. నోరు జారితే గ్లాసులో గింజ వేయాలి."

పెద్ద సిస్టరుకి జంటగా ఇంజెక్షన్ల సిస్టరు దొరికింది. "నాకు డ్యూటీలో నీళ్ళు తాగడం కుదరట్లేదక్కా" అంది ఆ పిల్ల.

"పక్కన సీసా పెట్టుకోవచ్చుగా?"

టంగ్.

"అదేంటి, నేను అడిగాను కదా? సరే, పొద్దున లేవగానే ఓ చెంబెడు…"

టంగ్.

"నేను సలహా ఇవ్వలేదే. ఉన్నమాట చెప్పాను."

టంగ్. హాలంతా టంగు టంగుమంటోంది కానీ అందరికంటే ఎక్కువ మోత పెద్ద సిస్టరు గ్లాసుదే. నవ్వీ నవ్వీ ఇంజెక్షన్ల సిస్టరుకి పొలమారింది.

"ప్రశ్న వేశాక ఆగండి" అంది పాఠాలమ్మాయి వెనక నుంచి వచ్చి.

"ఎంతసేపు?"

"వాళ్ళు మాట్లాడేదాకా."

"సోమవారం నీ కళ్ళతో నువ్వు చూశావు కదమ్మా. అంత తీరికెక్కడుంది మాకు?"

"నిజమే. మరి తిట్టడానికి ఎంతసేపు పడుతోంది?"

సిస్టర్లు కిసుక్కుమన్నారు. పెద్ద సిస్టరు ఒంటికాలి మీద లేచింది. "ఆ బల్ల తీసేయమంటావు, అంతేగా? చెప్పు, చుట్టూ తిప్పడమెందుకు?"

"తీసేయమని నేననలేదు. భయపెడితే మనిషి మారతాడండీ. మనం చూస్తున్నంతసేపూ మారతాడు. ఇంట్లో ఏం చేస్తున్నాడో మాత్రం మనకి చెప్పడు."

పెద్ద సిస్టరు కుర్చీ సర్దుకుని కూర్చుంది. టైలరు బూటు గుర్తొచ్చింది.

వంతు మారింది. ఇప్పుడు చెప్పాల్సింది తను. "మోకాలికి వ్యాయామాలు చెప్పారు. చేయట్లేదు, అంతే" అంది. ఇంజెక్షన్ల సిస్టరు రెండు చేతులతో నోరు మూసుకుని కళ్ళింత చేసుకుని చూస్తోంది. మధ్యలో మాట అందించేవాళ్ళు లేక పెద్ద సిస్టరే కొనసాగించాల్సి వచ్చింది. "వ్యాయామాలాయన వచ్చినప్పుడల్లా అడుగుతాడు. చేస్తున్నానంటాను."

"ఎందుకక్కా?"

"ఎందుకంటే… చేస్తున్నానంటే, అందరూ మీలా ఉంటే నా పని ఎంత తేలికమ్మా అంటాడు. ఆ మాట వినడానికి బాగుంటుంది."

అన్నాక ఆవిడకే తెల్లబోయినట్టయింది. ఇన్నేళ్ళ మనిషి, ఒక్క మంచిమాట కోసం వారం వారం అబద్ధమాడుతోందన్నమాట. ఇంజెక్షన్ల సిస్టరు నవ్వలేదు. అందుకు ఆ పిల్ల మీద పెద్ద సిస్టరుకి చాలా ప్రేమ కలిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో వాళ్ళాయన మీద ప్రయోగం చేసింది. "పొద్దున్నే నడకకి వెళ్ళడానికి ఏం అడ్డమొస్తోంది మీకు?" అని అడిగి, మాట్లాడకుండా కూర్చుంది. ఆయన టీవీ గొంతు తగ్గించాడు. తర్వాత టీవీయే కట్టేశాడు.

"ఆసుపత్రిలో ఏమైనా గొడవైందా?"

"లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి తిట్టవేం?"

ఆవిడకి నవ్వు ఆగలేదు. అయినా ఏమీ అనలేదు. ఆయన కాసేపు మీసం దువ్వుకుని, "ఆ కొత్త బూట్లు మడమ దగ్గర కొరుకుతున్నాయి. నువ్వు ముచ్చటపడి కొన్నావని ఊరుకున్నాను" అన్నాడు. బద్ధకమని నెలల తరబడి ఆయన బుర్ర తిన్నది ఆవిడ. ఇంతా చేసి కారణం బూట్లు.

బుధవారం డ్యూటీ దిగి, భుజాల దగ్గర వదులైన కోటు ఒకటి సంచిలో పెట్టుకుని టైలరు కొట్టుకి వెళ్ళింది. కోటు వంక మాత్రమే. ఒక మనిషి పట్టేంత గది. మేకులకి సగం కుట్టిన బట్టలు, నేలమీద రంగురంగుల పీలికలు, గోడకి నిలువెత్తు అద్దం. టైలరు ఎడమ కాలితోనే మిషను తొక్కుతున్నాడు. కుడి కాలు ముందుకి చాపి, మడతపెట్టిన గుడ్డ మీద పెట్టుకున్నాడు. ఆవిడని చూడగానే ఆ కాలు మిషను కిందికి దాక్కుంది.

"కూర్చోండి సిస్టరమ్మా. ఏం కుట్టాలి?"

కోటు ఇచ్చింది. అతను భుజం దగ్గర సుద్దతో గీత గీస్తుంటే నోట్లోకి వందమాటలు వచ్చాయి. నీకేమైనా పిచ్చా, ఆ కాలు పోతే ఎలా తొక్కుతావు, పెళ్ళాం బిడ్డలు గుర్తులేరా. ఒక్కొక్క మాటకీ ఒక గింజ చొప్పున వేసుకుంటే గ్లాసు నిండిపోయేది. అన్నీ మింగింది.

"మొన్న అరిచాను. ఇవాళ అరవడానికి రాలేదు. ఒక్కటే అడుగుతాను. అంత ఆకలితో ఎందుకొచ్చావు?"

అడిగి, ఆగింది.

టైలరు సుద్ద పక్కన పెట్టాడు. సూదిలో దారం ఎక్కించబోయాడు, ఎక్కలేదు. దారం కొస నాలుకతో తడిపి మళ్ళీ ప్రయత్నించాడు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. బల్లకి భయపడే కదా, అన్నమాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకుంది.

"మొదటిసారి నిజంగానే తగ్గింది" అన్నాడు చివరికి, సూదికేసి చూస్తూనే. "మీరు చీటీ పైకెత్తారు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. మీరు నవ్వారు కూడా. బట్టలు కుట్టేవాడికి చప్పట్లెవరు కొడతారు సిస్టరమ్మా? బాగా కుదిరితే ఎవరూ వచ్చి చెప్పరు. కుదరకపోతేనే తిరిగొస్తారు. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను, పక్కింటివాళ్ళకి చెప్పాను. తర్వాతి సోమవారం దగ్గరపడేసరికి గుండెల్లో దడ. అంకె పెరిగితే మీ చెయ్యి లేవదు కదా అని. అందుకని ఒక పూట మానేశాను. తర్వాత రెండు పూటలు. అలా అలా…"

"బల్ల మీద కూర్చోబెడతానని కాదా?"

"బల్లదేముందండీ. కూర్చుంటాం, మీరు నాలుగు తిడతారు, అయిపోతుంది. తిడితే పడొచ్చు."

పెద్ద సిస్టరుకి కలుక్కుమంది. ఈ రెండు రోజుల్లో ఆ బల్లని మనసులో ఎప్పుడో తీసి బయట పారేసింది. అంతమాత్రానికే తనెంత మంచిదైపోయిందో అని కొంచెం మురిసింది కూడా. చప్పట్ల మీద మాత్రం ఈగ వాలనిచ్చేది కాదు. తన ఉద్యోగం మొత్తంలో తను చేసిన మంచిపని ఏదంటే అదే చెప్పేది. మనిషిని ఆకలితో పడేసింది ఆ మంచిపనే. తను వ్యాయామాలాయనతో ఆడే అబద్ధానికీ దీనికీ తేడా కనపడలేదు ఆవిడకి.

ఏడుపొచ్చింది. ఏడిస్తే అతను ఓదార్చడం మొదలుపెడతాడు, కాలు సంగతి అక్కడితో సరి. అందుకని గొంతు సవరించుకుని, "కాలు గురించి నీకేమనిపిస్తోంది?" అంది.

"భయంగా ఉంది."

"చూసుకున్నావా?"

"అడుగున ఉంది, వంగినా కనపడదు. చూడనంతసేపూ లేదనుకోవచ్చు కదా." ఆ మాటకి అతనే చిన్నగా నవ్వుకున్నాడు. మళ్ళీ ఆవిడ ఏమీ అనలేదు. టైలరు లేచి కొట్టు తలుపు సగం దగ్గరగా వేసి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, తనంతట తనే బూటు విప్పాడు. మేజోడు అంటుకుపోయి ఉంటే నీళ్ళు చిలకరించి, ఓపిగ్గా, కుట్లు విప్పదీసినట్టు కొంచెం కొంచెంగా లాగాడు.

పెద్ద సిస్టరు కింద కూర్చుంది. మోకాలు కటకటమంది. పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని వెలుతురుకి తిప్పింది. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత పుండు, అంచులు తెల్లగా నాని ఉన్నాయి. చుట్టూ నొక్కి చూసింది. వేడి పైకి పాకలేదు. వేళ్ళు రంగు మారలేదు. ఇలాంటివి ఎన్ని చూసిందో. ఇది ఇంకా చేయి దాటలేదు.

"మానుతుంది" అంది. "రేపు పొద్దున రా, శుభ్రం చేసి కట్టు కడతాను, డాక్టరు మందు రాస్తాడు. అది మానేదాకా ఈ కాలితో తొక్కకూడదు. మానాక మళ్ళీ రాకుండా రోజూ చూసుకోవాలి. ఎప్పుడు చూసుకోగలవు?"

స్నానం చేసేటప్పుడు అని తను ఎప్పుడూ చెప్పే మాట. ఈసారి చెప్పలేదు. టైలరు గదంతా కలియజూశాడు.

"కొట్టు మూసేముందు మిషను మీద గుడ్డ కప్పుతాను. ఒక్క రోజు కూడా మరిచిపోయింది లేదు. వీపు దగ్గర కొలత చూపించడానికి చేతద్దం ఉంది. గుడ్డ కప్పగానే అద్దం నేలమీద పెట్టి పైన కాలు పెడితే సరి."

ఆవిడకి చప్పట్లు కొట్టాలనిపించింది. చేతుల్లో అతని పాదం ఉంది కాబట్టి కొట్టలేదు.

మర్నాడు టైలరు వచ్చాడు. పుండు కడిగించుకుని కట్టు కట్టించుకుని వెళ్ళాడు. ఆ తర్వాత పెద్ద సిస్టరు పాఠాలమ్మాయిని క్యాంటీన్లో పట్టుకుని జరిగింది చెప్పింది. ఆ అమ్మాయి టీ కప్పు పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. ఆగడం పాఠంలో భాగమా, నిజంగానే మాట రావట్లేదా అని పెద్ద సిస్టరుకి అనుమానమొచ్చింది.

"నేనూ బల్లనే చూశాను" అంది చివరికి. "మీరు చీటీ ఎత్తుతుంటే, ఇది మాత్రం బాగుందే అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం చెప్పాల్సిన రెండో పాఠం అదే. అంకె తగ్గినవాళ్ళని అందరి ముందూ మెచ్చుకోండి అని."

"ఇప్పుడేం చెప్తావు మరి?"

"మీరేం చెప్తారు?"

"ఇదిగో, నా మీద ప్రయోగాలొద్దు" అంది పెద్ద సిస్టరు. ఇద్దరూ నవ్వారు. మధ్యాహ్నం పాఠం ఇద్దరూ కూర్చుని మార్చారు. అంకె సంగతి పక్కన పెట్టి, ఈ వారం ఏం చేయగలిగావు, ఏం చేయలేకపోయావు అని అడగడం. ఏం చెప్పినా ఒకే ముఖంతో వినడం. ఆ ముఖం పెట్టడం సిస్టర్లందరికంటే పెద్ద సిస్టరుకే కష్టమైంది. అద్దం ముందు సాధన చేయాల్సి వచ్చింది.

సోమవారం గది నిండింది. టైలరు చేతికర్ర ఊతంతో వచ్చాడు, కుడి కాలికి తెల్లటి కట్టు. సూది గుచ్చింది. అంకె వచ్చింది. గదిలో చేతులు అలవాటుగా ఒళ్ళోంచి లేచి సిద్ధంగా ఉన్నాయి. పెద్ద సిస్టరు చీటీ చదవలేదు, ఎత్తలేదు. మడిచి అతని చేతిలో పెట్టింది.

"ఏమైంది? చప్పట్లా, బల్లా?" అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన.

టైలరు చీటీ విప్పాడు. ఆవిడకేసి చూశాడు. తర్వాత గదికేసి తిరిగి, "రెండొందల ముప్పై ఒకటి" అన్నాడు. "వారమంతా వేళకి తిన్నాను. పరీక్షకని రాత్రి నుంచి మాత్రమే ఆగాను. నా అసలు అంకె ఇదేనట."

అందరూ మళ్ళీ నేలకేసి చూశారు. కిందటి సోమవారం అందరూ నేలకేసి ఎందుకు చూశారో పెద్ద సిస్టరుకి అప్పుడు తట్టింది. చేతిలో సూది పక్కన పెట్టింది.

"నిన్నంతా తినకుండా వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

అడిగి, ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. ఆయా తడిగుడ్డ నేలమీదే వదిలేసి నిలబడిపోయింది. ఇంజెక్షన్ల సిస్టరు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. తిట్టనులెండి అని చెబుదామనిపించింది కానీ, ఆ మాట తన నోటి నుంచి వస్తే ఎవరూ నమ్మరు. అందుకని ఆగడమే చేసింది.

కిటికీ దగ్గర కూర్చున్న పెద్దావిడ చెయ్యి మెల్లగా పైకి లేచింది. పోయిన నెల చప్పట్లు కొట్టించుకున్నావిడ. ఆవిడ పక్కన మరొకరు. చప్పట్లా బల్లా అన్న ముసలాయన అటూ ఇటూ చూసి తనూ ఎత్తాడు. చూస్తుండగా సగం గది చేతులెత్తి కూర్చుంది. డాక్టరుకి ఏటా గర్వంగా చూపించిన తగ్గిన అంకెలన్నీ ఆ చేతులే. పెద్ద సిస్టరుకి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, గుండె మీంచి ఏదో బరువు దిగినట్టు ఎంతో తేలిగ్గా కూడా అనిపించింది.

"పొద్దున మాత్ర వేసుకున్నవాళ్ళు ముందు ఇటు రండి" అంది. "ఆయమ్మా, క్యాంటీన్లో ఎంత రొట్టె ఉంటే అంతా పట్టుకురా. టీ కూడా. చక్కెర లేకుండా ఒకటి, చక్కెర వేసి ఒకటి, రెండు కెటిల్సు."

డాక్టరు నింపాదిగా వచ్చేసరికి గదంతా రొట్టె నములుతోంది. ఆయన గుమ్మంలోనే ఆగి, "ఇవాళ పరీక్షలేవి?" అన్నాడు.

"లేవండి. ఇవాళ టిఫిను" అంది పెద్ద సిస్టరు, పళ్ళెం ఆయన వైపు కూడా చాపుతూ.

కిటికీ దగ్గర పెద్దావిడకి పళ్ళు లేవు. రొట్టె టీలో ముంచుకుని తింటోంది. పెద్ద సిస్టరు తన దగ్గరికి రాగానే కొంగు పట్టుకుని కిందికి లాగి, చెవిలో రహస్యంగా అంది.

"ఇక్కడ చెప్పొచ్చని తెలియదమ్మా."

"నాకూ తెలియదు" అంది పెద్ద సిస్టరు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుని, ఆవిడ కప్పులో ఇంకొంచెం టీ పోసింది.